ముగ్గురాయి పొడిలో దిగబడ్డాను

పులివెందుల దగ్గర ముగ్గురాయి మిల్లులో పనిచేసే రోజులవి. వాన తేమకు, పొడి నిలవుండే పెద్ద తొట్టి బంకర్‌లో అది బిగుసుకుని, కింద సంచుల్లోకి రాలడం ఆగిపోయింది. అలాంటప్పుడు బయటినుంచి సుత్తితో కొట్టాలి. నేను మాత్రం గడ్డపారతో పైనుంచి పొడి మీదికే దిగాను.

"మామా, ఆడ దిగొద్దు! అడుగున బోలుగా ఉంటాది!" అని తోటి పనివాడు హుసేన్ అరిచాడు.

"నువ్వు పుట్టకముందు నుంచి చూస్తాండా లేప్పా!" అంటూ గట్టిగా పొడిచాను.

నేలలాంటి పొడి కాళ్లకింద గుభేలున కుంగింది. గొంతుదాకా కూరుకుపోయాను! ఇద్దరు తాడేసి లాగినా కదల్లేదు. చివరికి పొడిమీద చెక్క పలక వేసుకుని, పారలతో తవ్వి తీశారు.

గొంతుదాకా అన్నది నా కోత. దిగింది మోకాళ్లవరకే. ఇద్దరు లాగినా రాలేదన్నది మాత్రం నిజం. మోకాలిలోతు పొడికే అంత పట్టుంటే, నిజంగా గొంతుదాకా దిగినవాడు ఎవరికి చెప్పుకుంటాడు?