కాఫీపొడి సీసాలో మాత్రలు

నా పెద్దపేగుకు పెళ్లికి ముందే వాపు వచ్చింది. ప్రాణం తియ్యదు, పూర్తిగా పోనూ పోదు. మందు మానేస్తే నెల తిరక్కుండా రక్తం కనిపిస్తుంది. ఈ జబ్బున్నవాడు ఏ ఊరు వెళ్లినా ముందు మరుగుదొడ్డి ఎక్కడుందో చూసుకుంటాడు, ఆ తర్వాత మందుల షాపు. దక్షిణాఫ్రికాలో తొలిసారి అన్ని రంగులవాళ్లూ ఓటేసి కొత్త ప్రభుత్వం వచ్చిన మరుసటి ఏడాది, ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగానికి పీటర్‌మారిట్జ్‌బర్గ్ వచ్చి, ఇండియన్లు ఎక్కువగా ఉండే రైస్‌థార్ప్ పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు నేను చేసినవీ ఆ రెండు పనులే. సామాను సర్దుకోవడం నా భార్యకు వదిలేశాను.

షాపుల్లో ధరలు కనుక్కొచ్చి గ్రాఫు కాగితం మీద పట్టిక గీశాను. స్టెరాయిడ్ అన్నిటికన్నా చౌక. జబ్బు తిరగబెట్టినప్పుడు త్వరగా దారికి తెస్తుంది గానీ, ఏళ్ల తరబడి మింగితే ఎముకలు గుల్లబారతాయి, మొహం పూరీలా పొంగుతుంది. మెసలజీన్ మర్యాదస్తుల మందు, పెద్దగా ఇబ్బంది పెట్టదు. దాని ధర విని కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. మా కంపెనీ కట్టే మెడికల్ ఎయిడ్ బీమా ఆస్పత్రిలో పడుకుంటే తప్ప నోరు విప్పేది కాదు. ఈ రెంటికీ మధ్య నేను అప్పటికే వాడుతున్న సల్ఫాసలజీన్ ఉంది. పాత మందు, రోజుకు నాలుగు బిళ్లలు, కాస్త తలనొప్పి, మూత్రం నారింజ రంగు. ఇక్కడా చౌకే, ఇండియాలో మరీ చౌక. ధర, బిళ్లల లెక్క, దొరికే చోటు, వచ్చే బాధలు అని గడులు నింపి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఉద్యోగాలకు ఇక్కడికొచ్చిన మా తెలుగువాళ్లలో ఎవరు ఇండియా వెళ్లినా మిగతావాళ్ల మందులు మోసుకురావడం ఆనవాయితీ. అయితే సూట్‌కేసులో మొదటి హక్కు ఆవకాయది. మందులకు జాగా తక్కువ. అందుకని మాత్రలన్నీ రేకుల్లోంచి ఊడదీసి కాఫీపొడి సీసాలో పోసి పంపమని గుంటూరులో ఉన్న మా అన్నయ్యకు రాశాను. అట్టపెట్టెలూ, వాటిలో మడతలు పెట్టి ఉండే కాగితాలూ అక్కడే చెత్తబుట్టలో పడేవి. మూడు నెలల మందు ఒక పెద్ద సీసాలో పట్టేది. మూత తీస్తే డికాక్షన్ వాసన. ఇంత పొదుపరి ఏర్పాటు ఇంకెవరికీ తట్టలేదని స్నేహితుల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

పెళ్లయి మూడేళ్లు దాటినా మాకు పిల్లలు లేరు. ఆదివారం ఫోనులో అమ్మ మొదటి ప్రశ్న, "విశేషమేమైనా ఉందా?" అని. లేదంటే రెండో ప్రశ్న ఉండదు, మొక్కుల జాబితానే. అమ్మ చెప్పిన ఉపవాసాలన్నీ నా భార్య చేసింది. ఆమె స్కూల్లో లెక్కలు చెప్పేది, పొద్దుట కాఫీ కూడా తాగకుండా వెళ్లి ఆరు క్లాసులు నిలబడి చెప్పి వచ్చేది. మా వీధిలో ఉండే, మేం అక్కా అని పిలిచే క్రైస్తవురాలు ఆమెను శుక్రవారం ప్రార్థనకు పిలిస్తే అక్కడికీ వెళ్లింది.

లేడీ డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాం. ఆస్పత్రి వరండా గోడల మీద తెల్లవాళ్లకూ మిగతావాళ్లకూ వేరువేరుగా పెట్టిన పాత బోర్డులు పీకేసిన మేకుల గుర్తులు ఇంకా ఉన్నాయి, ఎవరు ఎటు కూర్చోవాలో తెలియక జనం అలవాటుగా పాత చోట్లలోనే కూర్చునేవారు. గర్భసంచిలోకి రంగునీళ్లు ఎక్కించి ఎక్స్‌రే తీశారు. లోపలినుంచి నా భార్య అరుపు విన్నాను, చేతిలో కార్ల పత్రిక పేజీ తిప్పాను. అన్నీ బాగున్నాయన్నారు. "మీరేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు నన్నడిగింది. ఒక ఆడమనిషి ముందు విరేచనాల సంగతి ఎలా ఎత్తడం? "ఏమీ లేవండి" అన్నాను. నా భార్య నా వంక ఒకసారి చూసి, నా పరువు కాపాడటానికి ఊరుకుంది. నాకు పరీక్ష చేయించుకోమని డాక్టరు రాసిచ్చిన కాగితం బీరువా సొరుగులో పెట్టి తాళం వేశాను. మావైపు అలాంటి లోపాలు లేవని నా నమ్మకం. నమ్మకమేమిటి, పొగరు.

ఒకసారి సీసా తేవలసినాయన ప్రయాణం వాయిదా వేసుకున్నాడు. అడుగున పది మాత్రలు మిగిలాయి. ఒకటి జేబులో వేసుకుని, ఇలాంటిదే కావాలని అడగడానికి మా వీధి అక్క పనిచేసే మందుల షాపుకు వెళ్లాను. ఆమె ముత్తాత చెరుకు పనికి కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. నాయనమ్మ దీపం పెట్టిన ఇంట్లో వీళ్లు ఇప్పుడు బైబిలు చదువుతున్నారు. తెలుగులో వాళ్లకు మిగిలినవి వరసలు, వంటల పేర్లు, తిట్లు. తిట్లు మాత్రం చెక్కుచెదరలేదు.

"హౌ! ఇది సల్ఫా కదా, తమ్ముడు. ఎన్ని ఇయర్స్ తింటావు?" అంది మాత్ర తిప్పి చూసి.

"ఆరేళ్లక్కా."

"లోపల పేపర్ చదివినావా?"

"పేపరు రాదు. సూట్‌కేసులో చోటుండదని తీసేసి పంపుతారు."

ఆమె అరలోంచి పెట్టె తీసి, కాగితం మడతలు విప్పి, ఒకచోట గోరు పెట్టి చదవమంది. మగవాళ్లలో ఈ మందు వీర్యకణాలను తగ్గించవచ్చు, ఆపితే కొన్ని నెలల్లో తిరిగి మామూలవుతాయి అని చిన్న అక్షరాల్లో ఉంది. రెండుసార్లు చదివాను.

"నీ బుర్ర తగలెయ్య!" అంది అక్క, షాపులో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేట్టు. "ఒన్ ఇయర్ నేను ప్రే చేసినాను ఆ పిల్ల కోసం, కడుపు మీద చెయ్యి పెట్టి. నువ్వు రోజూ నాలుగు మాత్ర తింటే లార్డ్ ఏమి చేస్తాడు?" తర్వాత గొంతు తగ్గించింది. "సడన్‌గా ఆపొద్దు, తమ్ముడు. ఫస్ట్ డాక్టర్ దగ్గర పో."

అప్పుడు గుంటూరు డాక్టరు గుర్తొచ్చాడు. మందు మొదలుపెట్టిన రోజు ఆయన, "పెళ్లి కుదిరితే ఒకసారి వచ్చి కనబడు" అన్నాడు. పిలుపుల కోసం అడుగుతున్నాడనుకుని నేను శుభలేఖ పోస్టులో పంపాను.

సాయంత్రం నా భార్య పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె ఎర్ర పెన్ను మూతపెట్టి విన్నది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది.

"ఆదివారం అత్తయ్యగారితో మీరే మాట్లాడండి. ఇదంతా చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను," అంది.

సొరుగు తాళం తీసి పరీక్ష చేయించుకున్నాను. కాగితంలో రాసిందే నిజమైంది. డాక్టరు మెసలజీన్‌కు మార్చాడు. కారు కొనే ఆలోచన మానుకున్నాం. ఏడాదిలోపే అమ్మ అడిగే విశేషం నిజంగానే వచ్చింది. ఆ సంతోషం సంతోషమే. అయినా నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ ఆదివారమే.

"విశేషమేమైనా ఉందా?" అంది అమ్మ.

"ఉందమ్మా," అన్నాను. అటువైపు ఆమె సంతోషంతో ఊపిరి పీల్చుకోవడం వినబడింది. త్వరగా చెప్పేశాను. "నువ్వనుకునేది కాదు. నీ కోడల్లో ఏ లోపమూ లేదు. నాది. నేను మింగే మాత్రలది. డాక్టరమ్మ అడిగితే అబద్ధం చెప్పాను."

"అమ్మాయికి ఫోనివ్వు," అంది అమ్మ.

నా భార్య ఫోను అందుకుని ఊఁ, ఊఁ అంటూ విని, "తిన్నానండీ" అని పెట్టేసింది. అప్పుడు ఏడ్చింది. రంగునీళ్లు ఎక్కించిన రోజున కూడా ఇంటికొచ్చి ఏడవని మనిషి.

"ఏమంది?" అని అడిగాను.

"భోంచేశావా అని అడిగారు," అంది. "మూడేళ్లలో మొదటిసారి."