బూట్లు విప్పించిన మాట

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే, మా ఇంటివాళ్ల గ్రూపులో తమ్ముడి కొడుకు ఒక ఫోటో పెట్టి ఉన్నాడు. ఎవరో నాయకుడు గద్వాలలో నేసేవాళ్లు కాళ్లు దించుకునే మగ్గం గుంత అంచున కూర్చొని, పోగును అటూ ఇటూ నడిపే నాడె చేతపట్టుకొని, కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. ఇక చూడండి, మధ్యాహ్నం దాకా మావాళ్లు ఒకరి మీద ఒకరు పడి అభిప్రాయాలు రాశారు. ఆయన అంత మంచివాడు లేడని ఒకరు, అంత నాటకాలవాడు లేడని ఇంకొకరు, మధ్యలో ఆయన చొక్కా రంగు బాగుందని మా కోడలు. నేను మాత్రం కళ్లద్దాలు తుడుచుకొని, ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసి ఆయన కాళ్లు చూశాను. నల్లటి బూట్లు, బిగించి కట్టిన తాళ్లతో సహా. వాటి గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. అమ్మ ఉంటే ఊరుకునేదా అనుకున్నాను.

మా అమ్మకు అక్షరం రాదు గానీ, అభిప్రాయం లేని విషయం లోకంలో లేదు. గద్వాల చీరకు అంచు పట్టు, నడుమ నూలు కదా, ఆ రెంటినీ పోగు పోగునా కలపాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి, అందుకని నాన్న పక్కనే అమ్మ కూర్చునేది. నేను మూలన రాట్నం ముందు నూలు కండెలు చుట్టేదాన్ని. రేడియో మాది కాదు, పక్కింట్లో గాజులమ్మే చాచీది. గోడ అవతల వార్తలు చదివితే గోడ ఇవతల అమ్మ తీర్పు చెప్పేది, అది నచ్చకపోతే చాచీ అక్కడినుంచే అరిచేది. ఇద్దరూ అట్లా ఎన్ని ప్రభుత్వాలను నిలబెట్టి ఎన్నింటిని పడగొట్టారో నాకు లెక్క తెలియదు. ఏ నాయకుడైనా ఊరికి వస్తే, ఆయన ఎవరి ఇంట్లో మంచినీళ్లు తాగాడు, ఎవరి ఇంట్లో వద్దన్నాడు అన్నదే అమ్మ చూసేది, ఉపన్యాసం వినేదే కాదు. సినిమాకు తీసుకుపోతే హాలంతా వినబడేట్టు మాట్లాడేది. హీరోయిన్ పట్టుచీర కట్టుకొని వానలో ఎగురుతుంటే జనం ఈలలు వేస్తున్నారు, అమ్మ మాత్రం "గా చీర నేసినోడు చూస్తే ఏడుస్తడు" అని గట్టిగా అనేసింది. మన కాలం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, హాల్లో ఒకరు ఒక మాటంటే ముందు వరుసలవాళ్లు తిరిగి చూసి నవ్వేవాళ్లు గానీ తగాదా పడేవాళ్లు కాదు. నేను మాత్రం సిగ్గుతో తలొంచుకునేదాన్ని.

నేను పదో తరగతి మంచి మార్కులతో పాసైన సంవత్సరం, వనపర్తి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఆపరేటర్ కొలువుకు దరఖాస్తు పెట్టుకున్నాను. మార్కులు చూసి తీసుకుంటారని అందరూ చెప్పినా, పెద్దవాళ్ల మాట లేకుండా కొలువు రాదని నాన్న భయం. అప్పుడే మాకు పట్టూ జరీ ఇచ్చే సావుకారు వచ్చి, ఒక పెద్ద నాయకుడు మగ్గాలు చూడటానికి వస్తున్నాడని, మన ఇల్లే చూపిద్దామని చెప్పాడు. నాన్న సంతోషానికి పట్టపగ్గాల్లేవు. నా మార్కుల కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోటో దిగడం అయిపోగానే ఆయన చేతిలో పెట్టి ఒక్క మాట అడగాలి, అంతే. ఆ రోజు కోసం అమ్మ కూడా ఇల్లంతా అలికి ముగ్గు వేసింది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మగ్గం ఉన్న అర్రలోకి చెప్పులతో ఎవరూ రారు, మేము గుంతలోకి దిగేముందు కాళ్లు కడుక్కొని, మగ్గాన్ని తాకి కళ్లకద్దుకునేవాళ్లం. సావుకారు కూడా గడప అవతల చెప్పులు విడిచే లోపలికి వచ్చేవాడు. ఆ నాయకుడికి ఇదంతా ఎవరూ చెప్పినట్టు లేదు. వెనక పదిమంది, ముందు కెమెరా పట్టుకున్న మనిషి, ఆయన నవ్వుతూ టకటకమని బూట్లతోనే గడప దాటి, గుంతలోకి ఒక కాలు పెట్టబోయాడు.

అమ్మ లేచి నిలబడింది. "సారూ, జర బూట్లు ఇడిసి రాండ్రి. గిది మాకు అన్నం పెట్టే జాగ" అన్నది. కోపంగా అనలేదు, చాచీతో గోడ మీదుగా మాట్లాడే గొంతుతోనే అన్నది. సావుకారు ముఖం పాలిపోయింది, నాన్న చేయి జేబు మీదే బిగుసుకుపోయింది. నా కొలువు ఆ గడప మీదే పోయిందనుకున్నాను. నాయకుడి ముఖం ఎర్రబడింది. ఆయన ఒక్క క్షణం అమ్మ వైపు చూసి, గడప దాకా వెనక్కి నడిచి, వంగి తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముడులు ఎంతకీ రాలేదు. అంతమందీ ఆయన వంగిన వీపు చూస్తూ నిలబడ్డారు. చివరికి వట్టి కాళ్లతో వచ్చి కూర్చొని, నాడె పట్టుకొని ఫోటో దిగి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. కాగితం నాన్న జేబులోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నాన్న, "నీ నోరు ఒక్క గడియ ఊకుండదా? బిడ్డ కొలువు ముచ్చట యాదికి లేదా?" అని అరిచాడు. అమ్మ కండెలు సర్దుతూ తల ఎత్తకుండానే, "యాదికుండే ఆ మాటన్న. ఆయనను అడుక్కొని తెచ్చుకుంటే రేపు ఆయన ముందల దీని నోరు లేస్తదా? నోరు కుదువ పెట్టి తెచ్చుకునే కొలువు నా బిడ్డకొద్దు" అన్నది. నాకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. చాలా రోజులు అమ్మతో మాట్లాడలేదు, రాట్నం మాత్రం తిప్పాను.

తర్వాత ఒకరోజు పోస్టులో కవరు వచ్చింది. మార్కుల మీదే వచ్చింది కొలువు, ఎవరి మాటా లేకుండా. నాన్న దాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు. అమ్మ మాత్రం, "గింత కాయితం కోసమేనా గంత పరేషాన్ అయింది" అని, దాన్ని మగ్గానికి తాకించి నా చేతికిచ్చింది. ఇంకో సంగతి చెప్పకపోతే అమ్మకు అన్యాయం చేసినట్టే. ఆ తర్వాత ఆ నాయకుడిని ఎవరు తిట్టినా అమ్మ ఒప్పుకునేది కాదు, "చెప్తే ఇన్నడు, వంగి ఇడిసిండు. మీరెంతమంది ఇంటరు?" అని అడిగేది. ఆయనకు ఓటు మాత్రం వేయలేదని చాచీ చెప్పింది.

వనపర్తిలో నా కొలువంతా తీగలు గుచ్చి ఫోన్లలో ఇతరుల మాటలు కలపడమే. వాళ్ల మాటల మధ్య మనం మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. అది ఇంటిదాకా నా వెంట వచ్చింది. అత్తగారింట్లో, ఆఫీసులో, పెళ్లిళ్లలో, అన్నిచోట్లా నన్ను నెమ్మదస్తురాలన్నారు, నేనూ అది పొగడ్తే అనుకొని మురిశాను. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. గద్వాలలో తమ్ముడు మగ్గం గుంత పూడ్చి, మీద నున్నటి బండలు పరిపించి సోఫా వేశాడు. పిల్లలు దాని మీదుగా చెప్పులతో తిరుగుతారు. నేను పోయినప్పుడు మాత్రం చెప్పులు గడప బయటే విడుస్తాను, ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మొన్న మధ్యాహ్నం దాకా ఆ బూట్లను చూస్తూ కూర్చొని, చివరికి ఫోనులో గొంతు పంపే బొత్తాం నొక్కి పట్టుకొని చెప్పాను. "మగ్గం కాడికి బూట్లతోటి పోయిండు. గది తప్పు. పక్కన నిలబడ్డోళ్లు సుత చెప్పలే, గది ఇంకా తప్పు" అన్నాను. చాలాసేపటికి తమ్ముడు ఒక్కడే రాశాడు, "అక్కా, అమ్మ యాదికొచ్చింది" అని.

గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి. ఆనాడు అమ్మ కుదువ పడకుండా కాపాడి ఇచ్చిన నోటిని ఇన్నేళ్లకు ఒకసారి వాడుకున్నాను. కానీ అమ్మ ఆ మాట మనిషికి ఎదురుగా నిలబడి అన్నది, ఆ మనిషి విని వంగాడు. ఇప్పుడు అందరం మాట్లాడుతున్నాం, నేను కూడా. విని, గడప దాకా వెనక్కి నడిచి తాళ్లు విప్పే మనిషి మాత్రం ఎదురుగా లేడు.