దక్షిణపు కొసకి నడిచిందెవరు

ముందే చెప్పేస్తాను, నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. పదకొండేళ్ళు బహ్రెయిన్‌లో వ్యాన్ తోలాను. ఎడారి రోడ్ల మీద ఒక్కణ్ణే తిరిగాను. రూములో మిగతావాళ్ళు జిన్నుల కబుర్లు చెప్పుకుంటుంటే నేను దుప్పటి ముసుగు పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడు రాజోలులో చిన్న ట్రక్కు నడుపుకుంటున్నాను. కొబ్బరికాయలు, సిమెంటు, పెళ్ళివారి కుర్చీలు, ఏ లోడు దొరికితే అది వేస్తాను. ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వండి. నాకు జరక్కపోతే నేనూ నవ్వేవాణ్ణే.

జరిగింది అర్థం కావాలంటే ముందు ఆ దేశం ఎలా ఉంటుందో కాస్త చెప్పాలి.

బహ్రెయిన్ అంటే కొన్ని దీవులు. అన్నీ కలిపినా మన కోనసీమ కంటే చిన్నది. ఉత్తరాన మనామా పట్నం. పక్కనే వంతెన దాటితే ముహర్రక్ దీవి, విమానాశ్రయం అక్కడే. తూర్పున సిత్రా, అక్కడ చమురు ట్యాంకులుంటాయి. పడమట ఖర్జూరం తోటలు, సౌదీకి పోయే పొడుగాటి వంతెన. నడిమధ్యలో చిన్న కొండ. దాని పేరుకి పొగ కొండ అని అర్థం చెబుతారు. జనం చాలావరకు ఉత్తరం వైపే ఉంటారు. దక్షిణానికి పోయేకొద్దీ ఊళ్ళు పలచబడతాయి. తూర్పు తీరం వెంట రోడ్డు పట్టుకుంటే అస్కర్ అనే జాలర్ల ఊరు వస్తుంది, తర్వాత దూర్. అదీ దాటాక ఇసుక, రాళ్ళు, కరెంటు టవర్లు. నేల రానురాను సన్నబడి ముక్కులాగా సాగి సముద్రంలోకి దిగిపోతుంది. ఆ కొసని రాస్ అల్ బర్ అంటారు. అక్కడితో భూమి ఆఖరు.

నేను మంచినీళ్ళ సీసాల వ్యాన్ తోలేవాణ్ణి కాబట్టి ఈ దారులన్నీ నాకు కొట్టినపిండి. నడుం నొప్పి పట్టుకోవడంతో ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేశాను.

వచ్చిన ఏడాదిన్నరకి, దసరా వెళ్ళాక, రత్నకుమారి అనే ఆవిడ మా ఇంటికొచ్చింది. పక్క ఊరు. మా ఆవిడ లక్ష్మి దగ్గర జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆమె భర్త ఏసుబాబు తాపీ మేస్త్రి. బహ్రెయిన్ వెళ్ళి అప్పటికి పద్నాలుగు నెలలు. పంతొమ్మిది రోజులుగా అతని ఫోన్ లేదు. పనిచేసే చోట అడిగిస్తే, పనివాళ్ళుండే క్యాంపులోంచి వెళ్ళిపోయాడు, ఎక్కడికెళ్ళాడో తెలీదన్నారట.

"మీరు తిరిగిన దేశం కదండీ అన్నయ్యగారూ. కాస్త వాకబు చేయించండి. పిల్లలకి ఏం చెప్పాలో తెలీటం లేదండి," అంది. నెమ్మదైన మనిషి. ఏడవలేదు. చేతిలో చర్చి సంచీ ఒకటి, దాని కొస మెలిపెడుతూ కూర్చుంది.

నా పాత రూమ్మేట్ షరీఫ్‌కి ఫోన్ చేశాను. కడప మనిషి, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. ఏమీ తేలలేదు.

తర్వాతి మంగళవారం సాయంత్రం రత్నకుమారి మళ్ళీ వచ్చింది. ఆ వారమంతా అల్పపీడనం వల్ల ముసురు పట్టి ఉంది. గొడుగు మడిచి వాకిట్లో పెట్టి, కూర్చోకుండానే చెప్పింది.

"మీరు నవ్వకూడదండీ. మద్యానం రెండింటికి కునుకు పట్టిందండి. ఆయన కనపడ్డారు. నడుస్తున్నారండి."

"ఎక్కడమ్మా?"

"తెలీదండి. ఎడంపక్క సముద్రం. కుడిపక్క బోడి నేల. వెనకాల తెల్లటి పెద్ద పెద్ద ట్యాంకులు. ముందు ఒక చిన్న ఊరండి, ఒడ్డున పడవలు. మనవి లాంటి పడవలు కావండి."

సిత్రా దాటి అస్కర్ వెళ్ళే దారి సరిగ్గా అలాగే ఉంటుంది. అయినా నేను తేలిగ్గా తీసుకున్నాను. ఏసుబాబు ఎప్పుడో వీడియో కాల్‌లో చూపించి ఉంటాడనుకున్నాను. అడిగితే, క్యాంపు గది తప్ప ఏనాడూ ఏమీ చూపించలేదంది. పోనీ యూట్యూబ్‌లో చూసి మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను.

బుధవారం మళ్ళీ వచ్చింది. ఈసారి ముఖంలో నెత్తురు లేదు.

"ఆ ఊరు దాటేరండి. రోడ్డు పక్కన ఇనప కాళ్ళ మీద నీలం రంగు ట్యాంకు ఉంది. నిచ్చెన ఒకపక్కకి ఒరిగిపోయి ఉందండి. దాని నీడలో కాసేపు కూర్చున్నారు."

ఆ ట్యాంకు నాకు తెలుసు. రోజూ మధ్యాహ్నం దాని నీడలో వ్యాన్ ఆపుకుని అన్నం తినేవాణ్ణి. అది ఏ మ్యాపులోనూ ఉండదు. ఆ నిచ్చెన సంగతి నేనెవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమేముంది?

ఆవిడ ఇంకా ఏదో దాస్తున్నట్టనిపించింది. గట్టిగా అడిగాను.

"ఆయన ఒక్కరే కాదండి. ముందు ఒక మనిషి నడుస్తున్నాడు. పదడుగుల దూరంలో. ఈయన ఆగితే అతనూ ఆగుతున్నాడు. లేచి నడిస్తే నడుస్తున్నాడు. వెనక్కి మాత్రం తిరగటం లేదండి."

"ఎలా ఉన్నాడు?"

"ముఖం కనపడలేదండి. నీలం చొక్కా. వీపు మీద చిరిగితే తెల్లదారంతో కుట్టుకున్నాడు. ఇంత పొడుగు కుట్టు," అని బెత్తెడు చూపించింది.

నేను లేచి లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగాను.

ఆ చొక్కా నాది. వ్యాన్ కంపెనీ ఇచ్చింది. ఆఖరి నెలలో తలుపు కొక్కేనికి తగిలి వీపు మీద చిరిగింది. రూములో నీలం దారం లేక తెల్లదారంతో నేనే కుట్టుకున్నాను. వచ్చేటప్పుడు తలుపు వెనక మేకుకి వదిలేసి వచ్చాను. ఆ కుట్టు లక్ష్మి కూడా చూడలేదు.

షరీఫ్‌కి ఫోన్ చేసి, నా చొక్కా అక్కడే ఉందా అని అడిగాను.

"ఉండాది భాయ్, తలుపు ఎనకాల. నువ్వు పోయినప్పట్నించి ఆడే ఏలాడతాంది," అని నవ్వాడు. చూసి చెప్పమన్నాను. తలుపు కిర్రుమన్న చప్పుడు వినపడింది. తర్వాత, "లేదు భాయ్. మేకు ఒకటే ఉండాది," అన్నాడు. ఎవడైనా తుడుచుకోవడానికి తీసుకున్నాడేమోలే అని అతనే సర్దిచెప్పాడు. అయ్యుండొచ్చు. ఆ మాట నేను ఇప్పటికీ కాదనను.

గురువారం ముసురు వల్ల లోడ్లు లేవు. అన్నం తిని మంచం మీద వాలాను. ఆ వారమంతా అదే పని. లేచేసరికి నాలుగైంది. నోరు ఎండిపోయి ఉంది. పెదాల మీద ఉప్పదనం. లక్ష్మి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుని నన్నే చూస్తోంది.

"రెండింటికి పడుకున్నారు. ఎంత లేపినా లేవలేదు," అంది. "మీ కాళ్ళు కదులుతూనే ఉన్నాయండి. నిద్రలో కదిలించినట్టు కాదు. నడుస్తున్నట్టు. ఒకటి తర్వాత ఒకటి."

"రోజూ ఇలాగే ఉందా?"

"మంగళవారం నుంచి. మీరు భయపడతారని చెప్పలేదు."

మేమింకా మాట్లాడుకుంటుండగానే రత్నకుమారి వచ్చింది. పరిగెత్తుకుని వచ్చినట్టుంది, చెప్పులు లేవు.

"అన్నయ్యగారూ, ఇప్పుడు కుడిపక్క కూడా నీళ్ళు కనపడుతున్నాయండీ. రెండువైపులా సముద్రమే. రోడ్డు లేదు. ఆయన తూలిపోతున్నారు. ఆ ముందు మనిషి ఆగటం లేదండి."

ఆ దీవిలో నడుస్తుంటే రెండువైపులా నీళ్ళు కనపడే చోటు దక్షిణాన ఒక్కటే ఉంది. ఇంకాస్త నడిస్తే నేల అయిపోతుంది.

చొక్కా సంగతి రత్నకుమారికి చెప్పలేకపోయాను. నాలో నేనే కొట్టుమిట్టాడాను. ముందు నడుస్తున్నది నేనే అయితే, నేను నిద్రపోయిన ప్రతిసారీ ఆ మనిషిని సముద్రం దాకా లాక్కెళుతున్నానా? నిద్ర మానేస్తే అక్కడ అతను ఆగుతాడా? లేక దారి చూపేవాడు లేక ఆ రాళ్ళలోనే పడి చచ్చిపోతాడా? ఇలాంటి ప్రశ్న వేసుకునే రోజొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

షరీఫ్‌కి మొత్తం చెప్పాను. పిచ్చెక్కిందా అంటాడనుకున్నాను, అనలేదు. మేకు చూసినప్పట్నించి అతనికీ మనసు బాగోలేదట. "రేపు శుక్రవారం, సెలవే. బండి తీస్కోని పోతా. ఊరికే ఇసుక చూసి వస్తే ఏం పోయింది," అన్నాడు. పోలీసులకి చెబుదామంటే, ఏమని చెబుతాం? ఒకావిడకి కలొచ్చిందనా?

శుక్రవారం నిద్రపోకూడదనుకున్నాను. పనిగట్టుకుని ఒక లోడు ఒప్పుకున్నాను, దగ్గర్లోనే నగరం అనే ఊళ్ళో ఒక షాపుకి సిమెంటు. వర్షంలో బస్తాల మీద టార్పాలిన్ కట్టుకుని బయల్దేరాను. రెండింటికి ఆ షాపు ముందే ఉన్నాను. షాపాయన, ఇద్దరు కూలీలు, టీ పట్టుకొచ్చిన మనిషి అందరూ నన్ను చూశారు. కళ్ళు మూతలు పడతాయేమోనని నేనూ బస్తాలు దింపాను. నడుం విరిగిపోతున్నా ఆగలేదు. ఆ గంటసేపు నాకు ఒకటే భయం. రెప్ప వేస్తే ఎక్కడ తెరుస్తానోనని.

రెండున్నరకి రత్నకుమారి ఫోన్ చేసింది.

"ఆయన కూర్చుండిపోయేరండి. నీళ్ళ ఒడ్డున. ముందు ఎవరూ లేరు. ఆ మనిషి లేడండి."

మూడు దాటాక షరీఫ్ ఫోన్ వచ్చింది. గాలి హోరులో అతని మాట సగమే వినపడింది. "దొరికినాడు భాయ్! పానం ఉండాది!" అన్న ముక్క మాత్రం స్పష్టంగా వినపడింది. నేను ట్రక్కు మెట్టు మీద కూలబడ్డాను. షాపాయన వచ్చి భుజం పట్టుకుని, "ఏమైందండీ, ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?" అని అడిగాడు. లేదండీ, ఏమీ కాలేదు అన్నాను. ఇంకేం చెప్పను?

కొసకి కాస్త ఇవతల, జాలర్లు వదిలేసిన రేకుల పాక దగ్గర ఏసుబాబు కనపడ్డాడట. జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. ఆస్పత్రిలో కొన్నాళ్ళున్నాడు. కాగితాలన్నీ అయ్యి ఇంటికి రావడానికి నెలన్నర పట్టింది. క్యాంపులో సూపర్‌వైజర్‌తో గొడవపడి బయటికొచ్చేశాడట. సిత్రాలో ఎవరి గదిలోనో తలదాచుకున్నాడు. ఫోన్ పాడైంది. తర్వాత జ్వరం తగిలి, ఒళ్ళు తెలియకుండానే నడక మొదలుపెట్టాడు. పగలు నడవడం, మసీదుల దగ్గర నీళ్ళు తాగడం, అక్కడే పడుకోవడం. ఇవన్నీ అర్థమయ్యే సంగతులే.

అతను వచ్చాక నేనూ లక్ష్మీ చూడ్డానికి వెళ్ళాం. ఏసుబాబుని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అతనూ నన్ను చూడలేదు. రత్నకుమారి సంతోషంగా కుర్చీలు వేసింది. "వచ్చేరండీ, మీ ప్రాణం నిలబెట్టినాయన," అని లోపలికి కేకేసింది.

ఏసుబాబు గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూశాడు. చేతిలో ఉన్న చెంబు అలాగే పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. రత్నకుమారి కంగారుపడి చెయ్యి పట్టుకుంటే, ఆమెతోనే అన్నాడు, "నా ముందు నడిచింది ఈయనే."

నేను మెల్లగా అడిగాను. "మరి వెనక్కి తిరగలేదట కదండీ. నా ముఖమెలా చూశారు?"

"దారంతా తిరగలేదండి. ఎంత పిలిచినా తిరగలేదు. జొరం మత్తులో తెలుగాయన, క్యాంపుకి దారి తెలిసినాయన అనుకుని వెనకాలే వచ్చేను. ఆఖరి రోజు తిరిగేరండి. నీళ్ళలోకి దిగేక."

"ఆఖరి రోజు నేను లేను. మీ ఆవిడకి కనపడలేదు," అన్నాను.

"దానికి కనపడకపోతే నాకు తెలీదండి. మీరు నడుంలోతు నీళ్ళలో నిలబడ్డారు. చెయ్యూపి రమ్మన్నారు. నాకు లేవటానికి ఓపిక లేదండి. ఓపికుంటే వచ్చేద్దును. ఆ కారు వచ్చేదాకా మీరు అక్కడే ఉన్నారు, నా వైపే చూస్తా."

రత్నకుమారి కాఫీ తెచ్చింది. నేను తాగలేకపోయాను.

తర్వాత షరీఫ్‌ని అడిగాను, నీళ్ళలో ఎవరైనా కనపడ్డారా అని. తను ఏసుబాబునే చూశాడట, నీళ్ళ వైపు చూడలేదట. ఆ మాట చెప్పేటప్పుడు కాస్త తొందరపడ్డాడని నాకనిపించింది. నా అనుమానమే అయ్యుండొచ్చు.

నా చొక్కా సంగతి లక్ష్మికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. మీరే ఆయన్ని కాపాడారు అంటుంది లక్ష్మి. రత్నకుమారి కూడా అదే నమ్ముతోంది. ప్రార్థనల్లో నా పేరు చెబుతుందట. నాకూ అలాగే నమ్మాలని ఉంటుంది. కానీ ఆ శుక్రవారం రెండు గంటలకి నేను మెలకువగా ఉన్నాను. నగరంలో నలుగురి ఎదుట సిమెంటు బస్తాలు మోస్తున్నాను. సముద్రంలో నిలబడి ఒక జబ్బు మనిషిని లోపలికి రమ్మని పిలిచింది ఎవరు? ఆ ముఖం నాదెందుకైంది?

ఏసుబాబు ఇప్పుడు మన దగ్గరే మేస్త్రీ పని చేసుకుంటున్నాడు. రాజోలు సెంటర్లో అప్పుడప్పుడు ఎదురుపడతాడు. "ఆయ్, బాగున్నారా అండీ," అని మర్యాదగానే పలకరిస్తాడు. మొన్నొక రోజు ఇద్దరం ఒకే వైపు వెళ్ళాల్సొచ్చింది. పదండి అని నేను ముందు అడుగు వేశాను. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూస్తే, అతను రోడ్డు మీద అక్కడే ఆగిపోయి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. మీరు వెళ్ళండి, నేను తర్వాత వస్తాను అన్నట్టు చెయ్యి చూపించాడు.

నేను బలవంతం చెయ్యలేదు. అతని స్థానంలో నేనుంటే నా వెనక నడుస్తానా అని ఆలోచిస్తే, నడుస్తానని చెప్పలేకపోతున్నాను.