రాళ్ళు నాకిన మనిషి

టెక్కలి దగ్గర ఒక గ్రానైటు యార్డులో రాళ్ళ నాణ్యత చూడడం నా ఉద్యోగం. మొన్న మిట్టమధ్యాహ్నం ఒక పలక మీద బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే, బూడిదరంగు రాయిలోంచి నీలం ఒక్కసారిగా పైకి లేచింది. వేడిరాయి తడిసిన వాసన తగలగానే దండాసి గారు గుర్తొచ్చారు. ఆయన్ని చూడనివాళ్ళు కూడా మా వైపు ఆయన గురించి ఒక మాట చెబుతారు: గనిలో రాళ్ళు నాకి కిడ్నీలు పోగొట్టుకున్నాడని. ఆ మాటకి సాక్ష్యం పలికినవాణ్ణి నేనే. కిడ్నీలు రాళ్ళవల్లే పోయాయన్నది నిజమో కాదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయనది కవిటి. నాది ఆ పక్కనే కొబ్బరితోటల మధ్య చిన్న ఊరు. జియాలజీ చదివి మొదటి ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన నాకు పై అధికారి. ఎక్కడో దూరాన, కొండల్లో, తెల్లవాళ్ళు తవ్వి ఎప్పుడో వదిలేసిన బంగారం, రాగి గని అది. లోపల ఇంకా ఏమైనా మిగిలిందేమో చూడమని మమ్మల్ని పంపారు. వెళ్ళిన రోజే సొరంగం గోడలో పచ్చగా మెరుస్తున్న చార చూసి నేను "సార్, బంగారం!" అని అరిచాను.

"అది బంగారమైతే తెల్లోడు ఒగ్గీసి ఎల్తాడేటి బావా?" అన్నారు దండాసి గారు. అందరూ పగలబడి నవ్వారు.

ఆ మెరుపు రాగి ఖనిజానిది. బంగారం కంటికి ఆనదని, ఆ ఖనిజంలోనూ పలుగురాయిలోనూ పొడికన్నా సన్నంగా ఇరుక్కుని ఉంటుందని చెప్పారు. భుజం మీది తువ్వాలు నేలమీద పరిచి, రెండు వైపుల నుంచీ నెట్టి ముడతలు పెట్టారు. కొండలు అలా ముడతలు పడినప్పుడు నల్లటి పలకరాళ్ళు బీటలు వారాయి. లోతు నుంచి మరిగే నీరు ఆ బీటల్లోకి ఎక్కి, చల్లారుతూ తెల్లటి పలుగురాయినీ రాగినీ బంగారాన్నీ వదిలిపోయింది.

"ఇదంతా మోసుకొచ్చింది నీరే. ఏ రాయిని ముట్టుకుంటే ఆ రాయిని కొంచెం ఎంటబెట్టుకుని ఒత్తాది. గుర్తెట్టుకో."

రాయిని విరిచి, విరిగిన వైపు నాలుకతో తడిపేవారు. తడిస్తే గింజలు, రంగులు తేటగా కనిపిస్తాయి. పాతతరం జియాలజిస్టుల్లో ఆ అలవాటు ఉండేది. నాకు అసహ్యం. సీసాలో నీళ్ళు చల్లుకునేవాణ్ణి. "ఏటి, రాయికి తానం సేయిత్తన్నావా?" అని ఏడిపించేవారు. కానీ ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం ఉండేది కాదు. "సూసింది ఓపక్క, అనుకున్నది ఓపక్క ఉంచు. రెండూ కలిపీసినావంటే ఇంక ఏది ఏదో నీకే తెల్దు." లోతుకి పోయేకొద్దీ ఆ పలుగురాతి చార సన్నబడి, వేలెడంతై, మాయమైంది. తవ్వడానికి ఏమీ మిగల్లేదని ఆయనే తేల్చారు.

రిటైరై కవిటి వచ్చాక కొన్నేళ్ళకి ఆయన కిడ్నీలు చెడ్డాయి. పలాసలో డయాలసిస్. అది లేని రోజుల్లో ఊరూరా తిరిగి బావుల నీళ్ళు సీసాల్లో పట్టేవారు. ఏ బావి ఎంత లోతు, అడుగున ఏ రాయి తగిలింది అని అడిగేవారు. మా వైపు ఊరూరా ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పోతున్నాయో తేలుతుందేమోనని పరీక్షకి పంపించేవారు. కారణం దొరికిందని ఎన్నడూ అనలేదు, వెతకాలని మాత్రమే అన్నారు. జనం మొదట్లో బాగానే సాయపడ్డారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం టీ బడ్డీ దగ్గర తెలిసిన కొబ్బరిరైతు నన్ను అడిగాడు.

"మావా, నువ్వు ఆయనకాడ పన్జేసినావు గదా. గనిలో రాళ్ళు నాకీవోడంట, నిజవేనేటి?"

"నిజమే."

"మరందుకే కాదేటి కిడ్నీలు పోనాయి?"

"అంతే అయ్యుంటాది. నేనైతే ఒక్క రాయీ నాకలేదు బాబూ" అని నవ్వాను.

మా పెదనాన్న ఆ జబ్బుతోనే పోయాడు. పక్కింట్లో ఇద్దరు మంచాన ఉన్నారు. ఆయనకొచ్చింది నాకు రాదని చెప్పే కారణం ఒకటి నాకు కావలసి వచ్చింది. బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్ళకీ అదే కావాలి. అందరం హాయిగా టీ తాగాం.

తర్వాత ఆయన సీసా పట్టుకుని వెళితే "నువ్వు రాళ్ళు నాకినావు. మా బావికెందుకు వంకెడతావు?" అనడం మొదలుపెట్టారు. ఒకరోజు వాచిన కాళ్ళతో మా ఇంటికి వచ్చి అరుగుమీద కూలబడ్డారు.

"ఎవుడో అనీసినాడు బావా. గనిలో నాతో ఉన్నోడివి, నీ మాట ఇంటారు. నాతో ఓపాలి రా. రాళ్ళవల్లేనని ఎవుడూ తేల్చనేదని సెప్పు, సాలు."

ఆ ఎవడో నేనేనని చెప్పలేదు. రేపు వస్తానన్నాను. మర్నాడు ఫోన్ చేస్తే టెక్కలిలో పని పడిందన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ వేసవి దాటకుండానే పోయారు.

అప్పుడు వెళ్ళాను, ఆయన నన్ను తోడు రమ్మన్న ఊళ్ళకి, ఒక్కణ్ణే. సముద్రం ఒడ్డున ఊళ్ళో వల బాగుచేసుకుంటున్న ఒక ముసలావిడ, రాళ్ళవల్లేనని ఎవరూ తేల్చలేదని నేను చెప్పిందంతా వింది.

"ఆయనున్నప్పుడు సెప్పనేదేటి నాయినా? రెండుసార్లొచ్చినాడు. నానే సీసా ఇసిరీసినాను."

ఆవిడ తిట్టలేదు. వల ముడి ఒకటి బిగించి తనే అడిగింది.

"మరి మా ఇంటాయనకెందుకొచ్చినాది? ఆడు రాళ్ళు నాకనేదు గదా."

"తెలీదమ్మా" అన్నాను.

రాళ్ళ చదువు చదివానని ఈ జబ్బు ఎందుకొస్తోందని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. తెలీదనే చెబుతాను. అంత చదివి ఆ మాట అనడం చిన్నతనం కాదా అని మొహం మీదే అన్నవాళ్ళున్నారు. ఆ చిన్నతనాన్ని అలాగే ఉంచుకున్నాను. ఆయన బతికుండగా, ఆ టీ బడ్డీ దగ్గర, దాన్ని మోయలేకపోయాను.