ఎడమకి వాలిన సూది

తెనాలి నుంచి రేపల్లె దాకా సన్నాయి సుందరయ్య అంటే పేరుంది. అందులో సగం నేనే ప్రచారం చేసుకున్నది. బాపట్లలో మా గురువుగారి దగ్గర ఆరేళ్లు నేర్చుకున్నాను. విద్యకి రెండేళ్లు పట్టింది, మిగతా నాలుగూ నా అహంకారం దించడానికి ఆయన పడ్డ పాట్లు. దిగలేదు.

రెండో సన్నాయి మా బావమరిది అప్పారావు, పద్దెనిమిదేళ్లుగా నా పక్కనే. తొంభై మూడులో రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్లో ఒక పెళ్లికి వాయిస్తుంటే, ఒక రిటైరైన మాస్టారు, "సన్నాయి శ్రుతిపెట్టె కంటే కిందుందండి" అన్నారు. నేను ఠక్కున అప్పారావు వైపు చూశాను. వాడు తలొంచుకున్నాడు. వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి పెట్టుకోవాలని ఆ పూటే తీర్మానించేశాను. మా ఆవిడ ఆదిలక్ష్మి నాతో మాటలు మానేసింది. తమ్ముడు కదా.

రుజువు చూపిస్తే దారికొస్తుందని, తెనాలిలో రేడియోలు బాగుచేసే ప్రభుదాస్ చేత మద్రాసు నుంచి శ్రుతి కొలిచే ట్యూనర్ తెప్పించాను. అరచేతంత పెట్టె. స్వరం సరిగ్గా ఉంటే సూది నడుమ నిలుస్తుంది, దిగితే ఎడమకి వాలుతుంది. అందరినీ పిలిచి కూర్చోబెట్టాను.

అప్పారావు షడ్జం పట్టాడు. సూది నడుమ మేకు కొట్టినట్టు నిలబడింది.

"ఏంటిది, పాడైందా?" అని నేను వాయించాను. ఎడమకి వాలింది. బ్యాటరీలు మార్పించాను. ఎడమకే. గాలికి కదులుతోందన్నాను, తలుపులేశారు. ఎడమకే.

వారంగా నాతో మాట్లాడని ఆదిలక్ష్మి అప్పుడు నోరు విప్పింది. "సూదికి కూడా మావాడంటే అభిమానమేమోనండి."

ముందు పళ్లు రెండు ఊడాక, నోట్లో పెట్టుకుని ఊదే సన్నాయి పీక మీద నా పెదవి పట్టు తప్పిందని ఆ గదిలో నాకొక్కడికే తెలియదు.

"మరి నగరంలో నువ్వూ కిందే వాయించావు కదరా?" అని అప్పారావుని అడిగాను.

"మీరు దిగితే నేనూ దిగేవాణ్ణండి బావగారూ. చెరో చోట ఉంటే ఎవరు తప్పారో తెలిసిపోద్ది కదండీ. ఇద్దరం ఒకచోటే ఉంటే మిమ్మల్ని విడిగా ఎవరూ అనరు."

"ఎన్నాళ్లుగా?"

"మీ పళ్లు పోయినప్పట్నించండి."

అంటే మూడేళ్లు. సిగ్గుతో వాడి మొహం చూడలేకపోయాను.

నెల్లాళ్లు రోజూ పొద్దున్నే ఆ సూది ముందు కూర్చున్నాను, పీక మార్చి, ఊపిరి బిగించి. కొంచెం కొంచెంగా నడుమ వైపు జరిగింది. ఆ తర్వాత పెనుమూడి ఊళ్లో ఒక పెళ్లిలో మొదటి సన్నాయి అప్పారావుకే ఇచ్చాను. పై షడ్జం దగ్గర నేను తడబడగానే, అలవాటు కొద్దీ వాడు నా కోసం దిగబోయాడు. అక్కడే ఉండమని మోచేత్తో పొడిచాను. ఉన్న పళ్ల మీద పెదవి బిగించి నేనే ఎక్కాను, అందినంత వరకు.