పాంట్రీ అమ్మ వెనక్కి తీసుకెళ్లిన కాగితాలు

సోమవారం పొద్దున ఆఫీసు గ్రూపులో కబురు కనబడింది. పాంట్రీ అమ్మ పోయింది. ఆదివారం బోరబండలో తన ఇంటి ముందు బట్టలు ఆరేస్తూ కుప్పకూలిందట. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. కబురు కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. చూడ్డానికి వెళ్దామంటే ఆమె ఇల్లెక్కడో మాలో ఒక్కరికీ తెలియదు. చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను చెప్పాడు.

మా ఏడో అంతస్తులో టీ, కాఫీలు అందించడం ఆమె ఉద్యోగం. మెషీన్ టీ అంటే ఆమెకు చిన్నచూపు. "గది చాయ్ కాదు బిడ్డా, ఉడుకునీళ్లకు రంగేసిన్రు" అని, అల్లం దంచి వేసి వేరే గిన్నెలో కాచేది. పని ఒత్తిడితో మొహాలు వేలాడేసుకున్న రోజున "ఫికర్ జెయ్యకు, ముందుగాల చాయ్ తాగు" అనేది. చిన్నాపెద్దా అందరూ ఆమెకు బిడ్డలే, మా డైరెక్టరు గారితో సహా. ఆయన మొదట్లో ఉలిక్కిపడి, తర్వాత ఆ పిలుపు కోసమే పాంట్రీ దాకా నడిచి వచ్చేవారు.

నాది ఎడమచేతి వాటం. నేను చేరిన వారంలోనే ఆమె అది కనిపెట్టింది. అప్పటినుంచి నా కప్పు పిడిని ఎడమవైపు తిప్పి పెట్టేది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా మరచిపోలేదు.

మా ఆఫీసులో నెలకో శుక్రవారం ఏదో ఒక సరదా పోటీ ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక నెల వాదన పోటీ పెట్టారు. పేదింటి పిల్లలకు ప్రభుత్వం ఇస్తున్న ఆరోగ్య బీమా ఉండాలా, వద్దా అని అప్పట్లో టీవీల్లో రోజూ కొట్టుకుంటున్నారు. అదే అంశం. ఎవరిది ఏ పక్షమో చీటీలు తీశారు. నాకు 'వద్దు' వచ్చింది.

ఆ మధ్యాహ్నం పాంట్రీ అమ్మ ఒక ప్లాస్టిక్ కవరుతో నా దగ్గరకు వచ్చింది. "జర గీ కాయితాలు చూస్తవా బిడ్డా? మా మనుమరాలికి గుండెల రంధ్రమున్నదంట. సర్కారు బీమా కార్డుకు పెట్టాలె. కంప్యూటర్ల నింపాలంట."

నేను సాయంత్రం మాట్లాడబోయేది రాసుకుంటున్నాను. "పోటీ అయిపోగానే ఇవ్వండమ్మా, పది నిమిషాల పని" అన్నాను. నిజంగానే పది నిమిషాల పని.

సాయంత్రం చెలరేగిపోయాను. ఊరికే వస్తే విలువ తెలియదన్నాను. కన్నవాళ్లు తమ బాధ్యతను సర్కారు నెత్తిన రుద్దడం నేర్చుకుంటారన్నాను. కష్టపడేది మనం, అనుభవించేది వాళ్లు అన్నాను. 'వాళ్లు' అన్నప్పుడు కిటికీ వైపు చెయ్యి కూడా ఊపాను. ఇందులో ఒక్కటీ నా నమ్మకం కాదు. గెలవాలని అన్నాను. సమోసాల ట్రేతో వెనక నిలబడ్డ పాంట్రీ అమ్మ, ట్రే బల్ల మీద పెట్టి అందరితో పాటు చప్పట్లు కొట్టింది. నాకు 'ఉత్తమ వక్త' అని రాసిన కప్పు బహుమతిగా ఇచ్చారు.

ఆమె కాగితాలు మళ్లీ తేలేదు. మరచిపోయానని రాసుకుంటే కాస్త తేలిగ్గా ఉండేది, కానీ శనివారం నాకు గుర్తొచ్చింది. అవసరమైతే తనే వస్తుందిలే అనుకున్నాను. ఆ వారమే మా అబ్బాయి పంటి వైద్యం బిల్లు కంపెనీ బీమాకు పంపించాను.

పోటీ తర్వాతి సోమవారం నుంచి టీ ఆ కొత్త కప్పులో రావడం మొదలైంది, పిడి ఎడమవైపే. "మేడమ్, చాయ్" అంది. సూపర్‌వైజరు ఎవరో మర్యాద నేర్పినట్టున్నాడు అనుకున్నాను. తక్కినవాళ్లంతా ఇంకా బిడ్డలుగానే ఉన్నారని గమనించే తీరిక నాకు లేదు. ఆ తర్వాత ఆమె తరచూ సెలవు పెట్టేది. టీ సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు పంపినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆమె పోయిన కబురు తెలిసిన మర్నాడు, మంగళవారం బోరబండ వెళ్లాను. ఆమె కూతురు చాప పరిచింది. పక్కనే ఎనిమిదేళ్ల మనుమరాలు కూర్చుని ఉంది. పాపకు ఆపరేషన్ అయిందా అని అడిగాను.

"అయింది మేడమ్, మొన్న ఎండకాలం. కార్డు రానీకే ఏడాది పట్టింది. గల్లీల నెట్ సెంటరాయన పుట్టిన తారీఖు తప్పు కొట్టిండు. దాన్ని మార్పిచ్చేతందుకు అమ్మ తిరిగి తిరిగి పరేషాన్ అయింది. అప్పటిదాంక పిల్ల నాలుగు మెట్లెక్కితే మూతి నీలమయ్యేది."

"నా దగ్గరకు మళ్లీ తేవాల్సింది కదండీ" అన్నాను.

"నేను గూడ అమ్మను గదే అడిగిన. ఆ బిడ్డకు గిది ఇష్టం లేదు, అందరి ముంగట సాఫ్ చెప్పింది, మనసొప్పని పని ఆమెతోని ఎట్ల చేపియ్యాలె అన్నది. మీ మీద కోపం గిట్ల లేదు మేడమ్. మస్తు మాట్లాడింది, దమ్మున్న పిల్ల అని అందరికీ చెప్పేది."

ఇంట్లో నేనింకా ఆమెకు బిడ్డనే. ఆ రోజు హాల్లో అంతమంది ఉంటే, నా మాటలను నిజమని నమ్మింది ఆమె ఒక్కతే. తను అనుకున్నదే పైకి అనే మనిషి, నేనూ అంతేననుకుంది. అవి నా మాటలు కావు, చీటీలో వచ్చినవి అని ఆ కూతురికి చెప్పబోయి ఆగిపోయాను. చెబితే ఇంకా సిగ్గుచేటు. మీకు మాత్రం చెప్పుకుంటున్నాను.

బుధవారం టీ కాగితపు కప్పులో వచ్చింది. లేచి పాంట్రీలోకి వెళ్లాను. గట్టు మీద మడతపెట్టిన గుడ్డ, దాని మీద శుక్రవారం ఆమె కడిగి బోర్లించిన నా కప్పు. 'ఉత్తమ వక్త' అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. పిడి ఎడమవైపుకు తిరిగి ఉంది.