నూకాలమ్మ మీదికి నెట్టిన పొగ

ఒక స్క్రూ గురించి మీకు చెప్పాలి. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒకనాటి పొద్దున దాన్ని అర చుట్టు తిప్పాను. ఆ బరువు ఇవాళ్టికీ దించుకోలేదు. నా భార్యకి చెప్పలేదు, ఆమె కాలం చేసింది. గుడికి పోయి చెప్పుకుందామని రెండు మూడుసార్లు నిలబడ్డాను, అక్కడ అసలే మాట రాలేదు. ఎందుకు రాలేదో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది. మీరు నన్నెరగరు. నా ఎదురుగా కూర్చుని అన్నం తినాల్సిన పని మీకు లేదు. అందుకే మీకు చెప్పడం తేలిక అనుకున్నాను. తేలికేం కాదు, ఈ నాలుగు ముక్కలకే పొద్దు పోయింది.

మలయాలో బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోటలో నేను ఇంజన్ ఫిట్టర్‌ని. కాలువల్లోంచి నీళ్ళు తోడే డీజిల్ పంపులు నా చేతి కింద ఉండేవి. ఇంజన్‌కి ఏం జబ్బో దాని దగ్గు వింటే చెప్పేస్తానని నాకు గర్వం. ఇరవై మూడేళ్ళ వాడికి ఆ మాత్రం గర్వం కూడా ఎక్కువే. మా నాన్న జపాన్ వాళ్ళ కాలంలో, వాళ్ళు వేయించిన సయాం రైలు దారి పనికి పోయి తిరిగి రాలేదు. ఆ వెనకే అమ్మ జ్వరంతో పోయింది. నన్ను పెంచింది మా అప్ప. అక్కని మేం అప్ప అనే అంటాం. అప్పటికి తనకే పదహారేళ్ళు. కర్రపెండలం ఉడకబెట్టి, పెద్ద ముక్క నా వైపు జరిపి, తనకి ఆకలిగా లేదనేది. ఆ రోజుల్లో ఆకలి లేని మనిషి ఎక్కడుంది? ఆ ప్రశ్న నాకు చాలా ఏళ్ళ దాకా తట్టలేదు. పెళ్ళయ్యాక కూడా అప్ప నన్ను విడిగా పెట్టలేదు. బావ కొబ్బరి ఎండబెట్టే షెడ్డులో పనిచేసేవాడు. కూలీల లైన్లో ఒకే ఇల్లు, ఒకే కుండలో అన్నం. వాళ్ళకి ఒక్కతే పాప, ఆరేళ్ళది.

బావకి టాక్సీ నడపాలని కోరిక. తోట లారీ మీద డ్రైవింగ్ నేర్చుకున్నాడు. హుటాన్ మెలింటాంగ్‌లో చేపల వ్యాపారం చేసే ఒక తౌకే, అంటే చైనా షావుకారు, దగ్గర పాత డీజిల్ కారు ఉందని తెలిసి, అప్ప గాజులు అమ్మి దాన్ని కొన్నాడు. కారు నిండా ఎండుచేపల వాసన. అప్ప సీట్లని చింతపండు నీళ్ళతో మూడుసార్లు కడిగినా పోలేదు. ‘చేపలోళ్ళనే ఎక్కించుకుందాం, వాళ్ళకి తేడా తెలీదు లా’ అని బావ నవ్వేవాడు. మాట చివర ‘లా’ అనడం అక్కడి అలవాటు. పర్మిట్ ఇస్తామన్నారు, కారు తనిఖీలో నెగ్గాలి, అంతే. రెండుసార్లు చూస్తారు. రెండోసారి కూడా తప్పితే ఆ పర్మిట్ వరసలో తర్వాతి మనిషికి పోతుంది. పర్మిట్ వస్తే కాపురం తెలుక్ అన్సన్ టౌనుకి మారుస్తారు. పాప అక్కడ ఇంగ్లీషు బడికి పోతుంది. అప్ప ఇవన్నీ నా ముందే మాట్లాడేది. నా సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మొదటిసారి కారు తప్పింది. ఇన్‌స్పెక్టర్ రాసిచ్చిన కాగితం బావ నా చేతిలో పెట్టాడు. బ్రేకు తొక్కితే కారు ఎడమకి లాగుతోంది. స్టీరింగ్ వదులు. హ్యాండ్‌బ్రేకు ఆగట్లేదు. వెనక దీపం ఒకటి లేదు. నల్ల పొగ. చదివి నవ్వాను. ఇవన్నీ నా చేతిలో పనులే.

నెల రోజులు పట్టింది. అడవిలోని కమ్యూనిస్టుల మీద ఇంగ్లీషు సర్కారు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు, కర్ఫ్యూ వేళకి ఇంట్లో ఉండాలి గనక పని దిగిన తర్వాత దొరికే గంటా గంటన్నర, ఆదివారాలు. ముందు చక్రాల దగ్గర అరిగిన బుష్‌లు తీసి, తోట లేతు మిషను మీద ఇత్తడివి కొత్తవి తిప్పాను. బ్రేకులకి కొత్త లైనింగులు రివెట్లు కొట్టి అతికాను. గాలి వడకట్టే డబ్బా విప్పితే లోపల నూనెలో చేప పొలుసులు, కొబ్బరి పొట్టు. పాపం ఊపిరెలా ఆడుతుంది? డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి కిరసనాయిల్‌లో నానబెట్టి, ఒక్కోదాన్ని చేతి పంపుతో కొట్టి చూశాను, చిమ్మేది మంచులా సన్నగా వచ్చేదాకా. తనిఖీకి రెండు రోజుల ముందు ఇంజన్ ఎంత గట్టిగా తొక్కినా వెనక పొగ లేదు. బావ నల్ల కాఫీ పట్టుకొచ్చి, పొగ గొట్టం దగ్గర తన తెల్ల తువ్వాలు పట్టుకుని చూపించాడు. మరక లేదు. అప్ప ఆ తువ్వాల్ని లైనంతా తిప్పి చూపించింది. నాకు సంతోషమే. నిజంగా సంతోషమే. ఆ రాత్రి నా కంచంలో అప్ప మూకుడులోంచి వేపుడు వేస్తుంటే, ఈ చేతి అన్నం ఇంకెన్నాళ్ళు అనిపించింది. అంతే, అక్కడ మొదలైంది.

తనిఖీ పొద్దున అప్ప హారతి పళ్ళెం తేవడానికి లోపలికి వెళ్ళింది. బావ చొక్కా వేసుకుంటున్నాడు. నేను నూనె చూస్తానని బానెట్ ఎత్తాను. డీజిల్ పంపు మీద ఒక చిన్న మూత, దాని కింద ఆ స్క్రూ. ఇంజన్‌కి ఎంత డీజిల్ పోవాలో దానికి హద్దు అదే. అర చుట్టు వదులు చేస్తే ఎక్కువ పోతుంది, మండని డీజిల్ నల్ల పొగై బయటికి వస్తుంది. తిప్పాను. మూత బిగించాను. అప్ప వచ్చి కారుకి దిష్టి తీసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కారు కదిలి అవి చిట్లితే నా చెయ్యి పట్టుకుని నవ్వింది. నా చేతికి ఇంకా డీజిల్ వాసన ఉంది.

నేనూ ఎక్కి బావ పక్కన కూర్చున్నాను. దారిలో పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. బావ దిగి కాగితాలు చూపిస్తున్నాడు. స్క్రూడ్రైవర్ నా జేబులోనే ఉంది. ఆ కాసేపట్లో సరిచేసేయొచ్చు. ఎందుకు చేయలేదు? అడవిలో వాళ్ళు రోడ్ల మీద టాక్సీలు ఆపి తగలబెడుతున్నారని అప్పట్లో కథలు చెప్పుకునేవారు. బావని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. చాలా ఏళ్ళు అదే చెప్పుకున్నాను. కానీ బావ లారీ నడుపుతూ అదే రోడ్డు మీద పోయిన రోజులున్నాయి, అప్పుడు నాకు ఈ భయం ఎప్పుడూ వేయలేదు. ఒంటరిగా అన్నం తినలేక చేశాను. ఇంత చిన్న సంగతి ఒప్పుకోవడానికి ఇంత ముసలివాణ్ణి కావాల్సి వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ మలాయ్ పెద్దాయన, మెత్తని మనిషి. బ్రేకు తొక్కి చూసి, ఎవరు చేశారిది అని అడిగాడు. బావ నన్ను చూపించాడు. మంచి చెయ్యి అన్నాడాయన. సిగ్గు లేకుండా నాకు గర్వంగా కూడా అనిపించింది. తర్వాత ఇంజన్ గట్టిగా తొక్కమన్నాడు. వెనక నల్లటి పొగ లేచింది. బావ మొహం నేను చూడలేదు. ఆయన కాగితం మీద రాయబోయి ఆగి, గడియారం చూసుకుని, అరగంట ఇస్తాను, ఇక్కడే సరిచేసుకోండి అన్నాడు. ఇవ్వాల్సిన పని లేదు, ఇచ్చాడు. నాకు కావాల్సింది అర నిమిషం. నేను అరగంటా బానెట్ కింద వంగి, నాజిల్స్ విప్పి తుడిచి మళ్ళీ బిగించాను. బావ నా పక్కనే గుడ్డ పట్టుకుని నిలబడి, నా నుదుటి మీద చెమట కళ్ళలో పడకుండా తుడుస్తున్నాడు. చివరికి తలెత్తి, ఏం తెలియట్లేదు బావా అన్నాను. బావ నా భుజం తట్టి, ‘పోన్లే బామ్మర్దీ, నీకే అందకపోతే ఇంకెవుడికీ అందదు’ అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, నేను లెక్కపెట్టి ఊరుకోలేదు, ఊడబీకాను.

ఇంటికొచ్చాక బావ ఒక్క మాట చెప్పి స్నానానికి పోయాడు. అప్ప వెనక మెట్టు మీద నా పక్కన కూర్చుంది. ఏడవలేదు.

"నా వల్లే తమ్ముడా."

"నీ వల్లేటి అప్పా?"

"పాప కడుపులో ఉన్నప్పుడు నూకాలమ్మకి మొక్కినాను. ముందు రెండు కాన్పులూ పోయినాయి కదా. ఈ బిడ్డ బతికితే లైనంతా పిలిసి నీ గుడికాడ వండి పెడతానన్నాను. ఆరేళ్ళయినాది. ఒక్క మెతుకు పెట్టలేదు."

"బియ్యం ఏవీ అప్పా? కొలిసి ఇస్తన్నారు కదా."

అది నిజమే. ఎమర్జెన్సీ. అడవిలో ఉన్నవాళ్ళకి చేరుతుందని బియ్యం మనిషికింత అని కొలిచి ఇచ్చేవారు. గేటు దగ్గర సద్ది మూటలు కూడా విప్పి చూసేవారు. లైనంతటికీ వండి పెట్టడం ఎవరి తరం?

"అమ్మోరికి ఆ రూల్సు తెలీవు లా. ఆ తల్లి కోసం నేను పొయ్యి రాజెయ్యలేదు, అందుకే మన కారుకి పొగెట్టినాది. లేపోతే నువ్వు సేసిన పని సెడతాదేటి? నీ సెయ్యి నాకు తెలీదేటి?"

అప్ప తన కొంగుతో నా వేళ్ళ మీది మసి తుడుస్తూ ఇంకో మాట అంది.

"నీకూ టౌన్లో వర్క్‌షాపులో పని మాట్టాడినారు మీ బావ. ముగ్గురం పోయి నిన్నొక్కడినే ఇక్కడ ఒగ్గేస్తామేటి? పర్మిట్ సేతికొచ్చినాక సెప్దామని దాసినాం. ముందే సెప్పుకుంటే దిష్టి తగుల్తాదని."

అప్పుడు చెప్పాల్సింది. ఆ మెట్టు మీదే. కాళ్ళ మీద పడాల్సింది. నేనేమన్నానో తెలుసా?

"పోన్లే అప్పా. బియ్యం కట్టు తీసినాక మొక్కు తీర్సుకుందాం."

స్క్రూ తిప్పడం ఒక తప్పు. ఈ మాట ఇంకొకటి. ఏది పెద్దదని నన్నడిగితే ఈ మాటే అంటాను. స్క్రూ తిప్పినప్పుడు నేను పిరికివాణ్ణి, పిచ్చివాణ్ణి, సరే. ఈ మాట అన్నప్పుడు నాకు అన్నీ తెలుసు. నన్ను వదిలిపోవడం లేదని కూడా తెలుసు. తప్పు తనదేనని ఒప్పుకుంటున్న మనిషికి, అవునని నేను సంతకం పెట్టాను.

కారు అమ్మేశారు. బావ మళ్ళీ షెడ్డులోకి పోయాడు. ఆయన ఎన్నడూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎక్కడైనా ఎవరి బండైనా పొగ వదిలితే మాత్రం అటు చూసి తల తిప్పుకునేవాడు. గుమ్మడికాయల దొంగలాగా నేను భుజాలు తడుముకునేవాణ్ణి.

మరుసటి ఏడు మెర్డేకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చింది. అప్పటికి మా వైపు బియ్యం కట్టు తీసేశారు. తోట బడి ముందు జెండా ఎగరేసిన వారంలోనే అప్ప మొక్కు తీర్చింది. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తడి బట్టతో నూకాలమ్మ గుడి చుట్టూ పొర్లు దండాలు పెట్టింది. ఆలస్యం చేశాను తల్లీ, తప్పయిపోయింది, మా ఆయన మీద కోపం పెట్టుకోకు అని పైకే అంటూ పొర్లింది. మోచేతులు గీరుకుపోయాయి. లైనంతా వచ్చి కూర్చున్నారు. పుట్టింటి వాడివి, మొదటి ముద్ద నువ్వే తినాలని నా ఆకులో వడ్డించింది. తిన్నాను. గొంతు దిగలేదని రాస్తే బాగుండేది గానీ, దిగింది. ఆకలి మీదున్నాను, రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

పాప తోట బడిలోనే చదివింది, ఆ పైన లేదు. పన్నెండేళ్ళకి కొబ్బరి పీచు పనిలోకి వచ్చింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, ఇప్పుడు మనవలు. బతుకు చెడిపోయిందని అనను, అది తన బతుకు, దాన్ని నేను జాలిగా చూస్తే ఊరుకోదు. అయినా ఏ మనవరాలైనా ఇంగ్లీషు కాగితం చదివి పెడుతుంటే, పక్కన కూర్చుని పెదాలు కదుపుతుంది. అది చూసినప్పుడు నేను లేచి బయటికి పోతాను.

బావ పోయి చాలా కాలమైంది. అప్ప ఆ తర్వాత పదేళ్ళు ఉంది. చివరి రోజుల్లో పాపని పిలిచి ఒకటే చెప్పింది. మొక్కు మొక్కితే ఆలస్యం చెయ్యకే, నేను ఆలస్యం చేసే మీ నాన్నని కూలివాడిగానే ఉంచేశాను అని. నేను మంచానికి ఇవతల పక్క నిలబడి ఉన్నాను. నన్ను చూసి, అవునా తమ్ముడా అన్నట్టు తలూపింది. నేను దుప్పటి సర్దాను.

పాప ఆ మాట మర్చిపోలేదు. నెలకోసారి ఏదో ఒక మొక్కు పేరు చెప్పి కడుపు మాడ్చుకుంటుంది. షుగర్ ఉందమ్మా, వద్దమ్మా అని పిల్లలు మొత్తుకున్నా వినదు. ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయింది కూడా. చూశారా, నా అర చుట్టు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆదివారం ఆదివారం మోటార్ సైకిల్ వెనక కూర్చుని నాకు చేపల పులుసు తెస్తుంది. నేను తినేదాకా కదలదు. వాళ్ళమ్మ పోలికే.

ఆమెకి చెప్పాలి. తెలుసు. చెప్తే ఆ పూటైనా అన్నం తింటుంది. చెప్తే నా ఇంటికి మళ్ళీ రాదేమో. ఎనభై దాటిన వాడికి ఇంకా అదే భయం, నవ్వొస్తుంది. మళ్ళీ ఒంటరి కంచం. ఈ ఆదివారం నోరు తెరుస్తానో, పులుసు బాగుందని చెప్పి ఊరుకుంటానో నాకు తెలియదు, మీకు మాటివ్వలేను. క్షమించమని ఎవర్ని అడగను? అడగాల్సిన ఇద్దరూ లేరు. ఆ అమ్మవారి ముందు నిలబడే మొహం నాకు లేదు.

అప్పతో అనాల్సిన మాట ఎన్నేళ్ళుగానో నోట్లోనే పెట్టుకున్నాను, ఇక్కడైనా పెట్టేస్తాను.

అప్పా, నువ్వు ఏ మొక్కూ తప్పలేదు. అమ్మవారు ఏమీ సెయ్యలేదు. నేనే సేసినాను.